అద్దమైన విసుర్రాయి

మొన్న ఆదివారం మా రెడ్డెప్ప మామ శాంతిపురం నుంచి మదనపల్లెకు వచ్చాడు. మేము కట్టుకున్న కొత్త ఇంటికి ఆయన రావడం అదే మొదలు. వాకిట్లో కాళ్ళు కడుక్కొని, నేనిచ్చిన నీళ్ళ చెంబును తాగకుండానే పట్టుకొని, నేరుగా వంటింట్లోకి నడిచాడు. పొయ్యి పక్కనున్న గ్రానైటు బండ మీద అరచేయి ఆనించి, కళ్ళు మూసుకొని, ఒక కొస నుంచి మరో కొసకు మెల్లగా జరిపాడు. కొళాయికి జానెడు ఇవతల చేయి ఆగిపోయింది.

"ఈడ ఒక గీత ఇడిసిపెట్టినారు పాపా" అన్నాడు. "ముతక సానరాయి గీతలు పూర్తిగా పోకముందే సన్న రాయి పట్టేసినాడు. ఎవురో గానీ తొందరలో ఉండినట్టుండాడు."

"నాకేమీ కనపడలేదే మామా?"

"కంటికి యాడ కనపడతాది? కంటికి కనపడేది మెరుపు. గీత చేతికే తెలుస్తాది" అని, అప్పుడు చెంబెత్తి నీళ్ళు తాగాడు.

అంగళ్లు దగ్గరి ఇంజనీరింగు కాలేజీలో నేను యంత్రశాస్త్రం బోధిస్తాను. లోహపు ఉపరితలం మీద సన్నని సూదిని పాకించి, అక్కడి మిట్టపల్లాలను కాగితం మీద గీసి చూపించే పరికరం మా ప్రయోగశాలలో ఉంది. మామ చెప్పిన గీతను దానితో కొలవాలని నాకు మనసైంది. బండను ఊడదీస్తే తప్ప అది సాధ్యం కాదు కనుక మానుకున్నాను. ఆ సాయంత్రం దినచర్య పుస్తకంలో మామ ఏ బస్సుకు వచ్చాడో, ఏమి తిన్నాడో, బండ మీద గీత ఎక్కడ ఉన్నదన్నాడో రాసుకున్నాను. వాన పడిన రోజు, గ్యాసు సిలిండరు మార్చిన రోజు, గడియారానికి కొత్త సెల్లు వేసిన రోజు తేదీతో సహా రాసి పెట్టుకోవడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. కానీ బండ మీద కదులుతున్న ఆ చేతిని చూసినప్పుడు మనసులో మెదిలిన సంగతి మాత్రం నా పుస్తకాల్లో వేటిలోనూ లేదు. అది నేను దినచర్య రాయడం మొదలుపెట్టకముందరిది. తేదీ తెలియని సంగతిని కాగితం మీద పెట్టడం నాకు ఇబ్బందిగానే ఉంటుంది. అయినా చింతపండు కొట్టడం ముగిసింది, మామిడికాయలు ఇంకా మాగలేదు, బడికి సెలవులు, తొలకరి పడలేదు. ఈ నాలుగు ఆనవాళ్ళను బట్టి అది నడివేసవి అని నిర్ధారించుకొని రాస్తున్నాను.

అప్పట్లో నేను పుంగనూరు అవతల, చౌడేపల్లె దగ్గరి ఊళ్ళో అవ్వ దగ్గర పెరుగుతున్నాను. అమ్మా నాన్నా ఉద్యోగాల మీద మదనపల్లెలో ఉండేవారు. అవ్వ ఇల్లంటే నాకు మొదట గుర్తుకు వచ్చేది వాసన. విసురుతున్నప్పుడు రాళ్ళ మధ్య వేడెక్కి రాలే రాగిపిండి వాసన. ఆ వెంటనే ఆముదం వాసన. వంటింటి పక్క సావిట్లో, గోడ వారగా, విసుర్రాయి ఉండేది. అవ్వకు పెళ్ళైనప్పుడు వాళ్ళ అమ్మ ఎడ్లబండిలో పంపిన రాయి అది. తెల్లవారి పాలు పితికిన తరువాత అవ్వ దాని ముందు ఒక కాలు చాచి, ఒక కాలు మడిచి కూర్చునేది. ఎదురుగా నేను. పిడికొయ్య మీద ఆమె చేయి పైన, నా చేయి కింద. ఆమెకు కుడి భుజం నొప్పి. తనవైపు లాక్కోవడం ఆమె పని, అవతలికి నెట్టడం నా పని. ఆ వయసులో నేను నెట్టిన దానికంటే పిడికి వేలాడినదే ఎక్కువై ఉంటుంది. ఐనా "పాప లేకుంటే నాకు ఈ రాయి తిరగదు" అని అందరితో చెప్పేది. అది నిజమని నేను నమ్మాను, గర్వపడ్డాను.

కింది రాయి నడుమ ఒక ఇనుప మేకు నిలబడి ఉండేది. పైరాయి కంతలో బిగించిన చెక్కముక్క ఆ మేకును పట్టుకొని తిరిగేది. ప్రతిరోజూ విసిరే ముందు అవ్వ కోడి ఈకను ఆముదంలో ముంచి ఆ మేకుకు తాకించేది. "పిండిలో పడితే ఎట్లవ్వా?" అని అడిగితే, "పడితే కడుపు శుభ్రమౌతాది, మంచిదే" అనేది. ఇక పిండి పరీక్షకు ఆమె పద్ధతి ఆమెదే. చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, తన వేళ్ళు మొద్దుబారాయని, నా చెంప మీద రుద్దేది. "గీసుకుంటాండాదా?" అని అడిగేది. గీసుకుంటే పిండి ముతక. తెలియకపోతే సంగటికి సిద్ధం. నా బాల్యంలో చాలా ఉదయాలు నేను ఒక చెంప తెల్లగా పెట్టుకొని బడికి వెళ్ళాను.

రెడ్డెప్ప మామ అవ్వకు ఒక్కడే కొడుకు. తాత పోయాక చేను మామ మీదనే పడింది. వాన మీద ఆధారపడిన ఎగువ భూమి. శనక్కాయ వేస్తే వానను బట్టి గింజ. మామకు ఆ పని రాక కాదు. ఒకసారి కుప్పం పోయినప్పుడు దారిలో శాంతిపురంలో గ్రానైటు బండలకు మెరుగు పెట్టే ఫ్యాక్టరీ చూశాడు. నల్లని ముతక బండ ఒక చివర లోపలికి పోయి, మరో చివర మనిషి ముఖం చూపిస్తూ బయటికి రావడం చూసి అక్కడే నిలబడిపోయాడట. తరువాత ఆ ఫ్యాక్టరీలోనే చేరాడు. అవ్వ అడ్డుపడలేదు, కానీ ఒక గడువు పెట్టింది. తొలకరి పడే దాకా ఉండవచ్చు. వాన పడిన మరునాడు మడక పట్టి దున్నడానికి చేనులో ఉండాలి. ఆ తరువాత శాంతిపురం మాట ఎత్తకూడదు.

"బూమి పెట్టుకోని రాళ్ళు తుడిసే పనికి పోతారా ఎవురన్నా?" అని ఆమె పక్కింటి మునెమ్మతో అనేది. "రాయి తుడిస్తే ఏమొస్తాది? తుడిసిన రాయి అట్లనే ఉంటాది. బూమి దున్నితే గింజ వస్తాది."

మామ ఎన్నడూ ఎదురు చెప్పలేదు. నెలకొకసారి శాంతిపురం నుంచి వి.కోట, పలమనేరు మీదుగా బస్సులు మారి వచ్చి, రాతిపొడితో తెల్లబారిన చొక్కాలు సంచిలో తెచ్చి ఉతుక్కొని, మళ్ళీ పోయేవాడు. ఆయనకు ఆ పనిలోనే ఉండిపోవాలని ఉందని చిన్నపిల్లనైన నాకే తెలుసు. రాత్రి అన్నం తిన్నాక గచ్చు మీద, గడప మీద, నా పలక మీద కూడా అరచేయి జరిపి చూస్తూ కూర్చునేవాడు. అడగడానికి మాత్రం నోరు రాలేదు. నోటితో అడగలేనిదాన్ని చేతితో చూపిద్దామనుకున్నాడు.

ఆ నడివేసవిలో వచ్చినప్పుడు అవ్వ భుజానికి వేన్నీళ్ళ కాపడం పెట్టుకుంటూ ఉంది. మామ అది చూసి, "ఆ ఇసుర్రాయి నాకియ్యిమా, కుప్పం తీసకపోతా. నీ బుజం నొప్పి పోయేట్టు చేసి తెస్తా" అన్నాడు. విసుర్రాళ్ళ గాట్లు అరిగిపోతే ఉలితో మళ్ళీ కొట్టించడం ప్రతి ఇంటా ఉన్నదే. దాన్ని కక్కు కొట్టడం అంటారు. ఆ పని చేసేవారు ఆ ఏడు మా ఊరికి రాలేదు. కుప్పంలో ఎవరిచేతనో కొట్టించుకు వస్తాడనుకొని అవ్వ సరేనంది. శాంతిపురం వైపు ఖాళీగా పోతున్న లారీలో రాళ్ళు రెండూ వెళ్ళాయి. అవి లేనన్నాళ్ళూ మేము చౌడేపల్లెకు పోయి మిషన్లో పట్టించుకున్న పిండి తిన్నాము. "సంగటి తింటాండామా, డీజిలు తింటాండామా?" అని అవ్వ ముద్ద ముద్దకూ అనేది.

మామ రాయితో తిరిగి వచ్చిన ఉదయం నాకు బాగా గుర్తుంది. గోనెపట్టా విప్పగానే సావిట్లో వెలుతురు మారింది. పైరాయి అడుగుముఖం, కింది రాయి పైముఖం రెండూ నల్లటి అద్దాల్లా ఉన్నాయి. దూలం కనిపిస్తోంది, దూలానికి వేలాడే ఉట్టి కనిపిస్తోంది, వంగి చూస్తున్న నేను కనిపిస్తున్నాను. యజమానిని అడిగి, భోజనాల వేళ యంత్రం ఖాళీగా ఉన్నప్పుడల్లా కొంచెం కొంచెంగా, ముతక రాయి నుంచి సన్న రాయి దాకా వరసగా మార్చుకుంటూ, చివరి పొడి దాకా పట్టాడట. నడిమి మేకును కూడా వదలలేదు. కొత్తది చేయించి వెండిలా మెరిపించి తెచ్చాడు.

సందడికి మునెమ్మ వచ్చింది. "ఏమప్పా రెడ్డెప్పా, ఇసుర్రాయి తెచ్చినావా, బీరువా అద్దం పెరుక్కోని తెచ్చినావా?"

"ముకం సూసుకో మునెక్కా."

"సూసుకున్యాలేప్పా. ముసిల్దానివైపోతివని చెప్తాండాది నీ రాయి."

అవ్వ నవ్వలేదు. కింది రాయి మీద వేళ్ళు పెట్టి, అంచు నుంచి నడుమకు, నడుమ నుంచి అంచుకు వెతికింది. "గాట్లు యాడరా?" అంది.

"గాట్లు యాలమా? గాట్లుండబట్టే గదా బరువు. ఆ గరుకు మింద ఈ గరుకు ఈడ్సుకోని ఈడ్సుకోనే నీ బుజం పొయ్యింది. ఇప్పుడు సూడు."

అవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చి, ఫ్యాక్టరీ పొడి పోయేట్టు రెండు రాళ్ళూ కడిగింది. కడిగి, తడి తుడవకుండానే మామ చేత పైరాయిని కింది రాయి మీద బోర్లించింది. మేకు ఇంకా బిగించలేదని గుర్తు వచ్చి మళ్ళీ ఎత్తబోతే రాయి లేవలేదు. మామ పట్టాడు, మునెమ్మ పట్టింది. కింది రాయి కూడా పైదానితోపాటే లేచి వస్తోంది.

"కొత్తగా పెండ్లయినోళ్ళు అట్లనే ఉంటారులే, ఇడిసిపెట్టు" అంది మునెమ్మ.

"ఎత్తగూడదు, జరపాల" అని మామ పైరాయిని పక్కకు నెట్టాడు. అది వెన్న మీద జారినట్టు జారి వచ్చేసింది. బాగా నునుపైన రెండు ముఖాల మధ్య పలుచని నీటిపొర చిక్కితే గాలి చొరబడదు. లాగితే రావు, జరిపితే వస్తాయి. ఫ్యాక్టరీలో తడి బండలను ఒకదాని మీద ఒకటి పెట్టేటప్పుడు మధ్యలో కాగితం పెడతారని మామ చెప్పాడు. చెబుతున్నంతసేపూ అవ్వ ముఖం చూస్తున్నాడు. తన పని గురించి ఆమె ముందు ఆయన అన్ని మాటలు మాట్లాడడం నేను అదే చూడడం.

రాళ్ళు ఆరాక మేకు బిగించి, ఆముదం తాకించి, అవ్వ గుప్పెడు రాగులు కంతలో పోసింది. మామ నన్ను జరగమని, పిడికి ఒకే ఒక వేలు తగిలించి తిప్పాడు. రాయి తిరిగింది. నేనూ అవ్వా కలిసి లాగినా నెట్టినా మూలుగుతూ కదిలే రాయి, ఒక్క వేలికి, చప్పుడు లేకుండా, గిరగిర తిరిగింది. అవ్వ కూడా ఒక వేలు పెట్టి తిప్పింది. ఆమె ముఖంలో ఒక క్షణం పాటు ఉయ్యాల ఎక్కిన పిల్ల సంతోషం చూశాను. ఆ తరువాత ఆమె చూపు రాయి అంచుకు పోయింది. అంచు నుంచి రాలుతున్నవి రాగులే. పిండి కాదు, నూక కూడా కాదు. లోపలికి పోయినవి పోయినట్టే, ఇంకొంచెం మెరుపు ఎక్కి, బయటికి వస్తున్నాయి.

"ఓయమ్మా!" అని మునెమ్మ నడుం పట్టుకొని కూలబడింది. "రాగులకు ఊరేగింపు సేయించినావు గదప్పా!"

జరిగినదేమిటో ఇప్పుడు నేను తరగతిలో నల్లబల్ల మీద బొమ్మ గీసి చెబుతాను. గుండ్రని రాగి గింజలు రెండు నున్నని ముఖాల మధ్య పడితే, వాటిని పట్టి చీల్చడానికి అక్కడ ఏ అంచూ లేదు. అవి బేరింగులోని గుండ్లలాగా దొర్లాయి. బరువైన పైరాయి వాటి మీద సవారీ చేసింది. మామ తనకు తెలియకుండానే మా సావిట్లో మేలైన బేరింగు ఒకటి తయారు చేశాడు. దురదృష్టమేమిటంటే మాకు కావలసింది సంగటి. ఈ కథ చెబితే పిల్లలు నవ్వుతారు. ఘర్షణ ఎంత తగ్గితే అంత మంచిదని రాసేవాళ్ళ జవాబు పత్రాల మీద నేను ఎర్ర సిరాతో 'రాగుల ఊరేగింపు' అని రాస్తాను. కానీ ఆ ఉదయం నవ్వింది మునెమ్మ ఒక్కతే. మామ వేలు ఇంకా పిడి మీదనే ఉంది.

అవ్వ రాగులన్నీ చేటలోకి ఎత్తుకొని లేచింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని మామ ముఖం చెప్పింది. "ఇంగ వాన దాకా యాల నాయనా?" అంది మెల్లగా. "పొయ్యి నీ గుడ్డలు సద్దుకోని వచ్చేయ్. మా యమ్మ కాలం నుంచి ఉండిన గాట్లు తుడిసేసినావు. ఆ పని నీకు నేర్పింది ఇదేనా?"

"రాయి బాగు చేసి ఇచ్చి పోతామా" అన్నాడు మామ. "అంతదాంక ఏమీ అనొద్దు."

చౌడేపల్లెలో తెలిసిన మేస్త్రీ దగ్గర ఉలి, సుత్తి అడిగి తెచ్చుకున్నాడు. కానీ ఆయనకు గాటు తీయడం రాదు. గాటు లేకుండా చేయడమే వచ్చు. ఇన్నాళ్ళూ గీతలు తుడిచిన చేతులకు గీత గీయాలంటే భయం. పైగా మెరుగెక్కిన రాయి మీద ఉలి నిలవదు, జారుతుంది. మొదటి దెబ్బకు ఉలి జారి ఆయన బొటనవేలు చీరుకుంది. గుడ్డ చుట్టుకొని మళ్ళీ కూర్చున్నాడు. ఆ రోజంతా సావిట్లో టక్కు టక్కుమని చప్పుడు. అవ్వ అటు తిరగనని పంతం పట్టి, గోడవైపు ముఖం పెట్టి రాగుల్లో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి, గోడతో చెప్పినట్టు, "లోతు పోతాండావు" అంది.

మామ సుత్తి ఆపాడు. "నీకెట్ల తెలిసింది?"

"శబుదం తెలీదా? నడిమిన లోతుంటే పరవాల్యా. కొసకు పోయేకొద్దీ తేలిపోవాల. ల్యాకుంటే నూక నూకగానే బయటికి పోతాది."

"ఆ ముక్క పొద్దున్నే చెప్తే ఏం పొయ్యింది నీకు?"

"నువ్వు పొద్దున్నే అడిగితే ఏం పొయ్యింది నీకు?"

అంతటితో ఆమె పంతం సడలింది. వచ్చి రాయి పక్కన కూర్చుంది. ఇక ఇద్దరికీ పోట్లాట మొదలైంది. ఆమె గాట్లు దగ్గర దగ్గరగా రావాలంటుంది; గాటుకూ గాటుకూ మధ్య బల్లపరుపు కొంత మిగలకపోతే గింజ నలిగేది దేని మీద అని మామ అంటాడు. మామ మాటే నిజమని తేలింది. ఆమె మేకుకు ఆముదంలో గడ్డిబూడిద కలిపి పూయాలంది, బండి ఇరుసు కందెనలాగా. బూడిదలో ఇసుక ఉంటే మేకు తినుకుపోతుందని మామ వద్దన్నాడు. అదీ నిజమే. కానీ మామ తెచ్చిన ఆ వెండిలాంటి మేకు కొంచెంసేపు తిరిగేసరికి కిచకిచమని అరవడం మొదలుపెట్టింది. నునుపు మరీ ఎక్కువై, రాసిన ఆముదం నిలవకుండా తుడుచుకు పోతోంది.

అవ్వ మేకును వేలితో తడిమింది. "కరిసే కాడ కరవాల, జారే కాడ జారాల. సరే. జారే కాడ సమురు నిలబడేదానికి చోటన్నా ఉండొద్దా?"

మామ జేబులోనుంచి ఫ్యాక్టరీలో వాడే సన్నరాయి ముక్క తీసి, మేకు చుట్టూ కంటికి ఆనని గీతలు అడ్డంగా, ఏటవాలుగా పెట్టాడు. ఆముదం తాకించి తిప్పితే అరుపు ఆగింది. ఇంజన్ల సిలిండర్ల లోపలి గోడలకు నూనె నిలవడం కోసం అటువంటి గీతలే కావాలని పెడతారని చాలా ఏళ్ళ తరువాత కాలేజీలో నేర్చుకున్నాను. ఆ పాఠం విన్న రోజు తేదీ మాత్రం నా పుస్తకంలో ఉంది. పక్కన 'ఆముదం' అని ఒక్క మాట రాసుకున్నాను.

కొత్తగా కక్కు కొట్టిన రాయి నుంచి రాలే మొదటి పిండిలో రాతిరజను ఉంటుంది కనుక దానిని మనుషులు తినరు. అవ్వ గుప్పెడు రాగులు విసిరి ఆ పిండిని చీమల పుట్ట దగ్గర చల్లి వచ్చింది. రెండవ వాయి నా చెంపకు వచ్చింది.

"గీసుకుంటాండాదవ్వా."

మామ కొస వైపు గాట్లను ఇంకొంచెం తేల్చాడు. మళ్ళీ విసిరారు, మళ్ళీ రుద్దారు.

"ఇంగా?"

"ఇంగా."

"పాపా, నీ చెంప మంచిదేనా?" అన్నాడు మామ దిగులుగా. అవ్వ ఆ మాటకు నవ్వింది. ఆ రాయి తిరిగి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. మరునాటి మధ్యాహ్నానికి నా రెండు చెంపలూ, నుదురూ కూడా తెల్లబడ్డాక, చివరి చిటికెడు రుద్దినప్పుడు నాకేమీ తెలియలేదు. ఆ మాటే చెప్పాను. మామ ఉలి కింద పెట్టి గోడకు జారగిలబడ్డాడు.

మరునాడు పాలు పితికాక అవ్వ రాయి ముందు కూర్చుంది. నేను నా చోటికి పోయి కూర్చోబోతుంటే పిడి అప్పటికే తిరుగుతోంది. కొత్త గాట్లు గింజను పట్టి చీలుస్తున్నాయి. కొత్త మేకు మీద రాయి తేలికగా నడుస్తోంది. అవ్వ ఎడమచేత్తో, ఒక్కతే, నన్ను చూసి తల ఊపుతూ విసురుతోంది. నేను ఏడ్చానని తరువాత అమ్మ చెప్పేది. నాకు గుర్తున్నది మాత్రం అవ్వ తన చేయి ఎత్తి, నా చేయి పిడి మీద పెట్టి, దాని మీద మళ్ళీ తన చేయి పెట్టడం. నేను లేకపోయినా తిరిగే రాయిని ఆ ఏడంతా ఇద్దరమూ తిప్పాము.

ఇప్పుడు మా ఇంట్లో గరుకైన వస్తువు ఏదైనా ఉందా అని మొన్న మామ పోయాక గది గదీ తిరిగి చూశాను. నేల టైల్సు, తలుపుల సన్‌మైకా, ఫోను అద్దం, వంటింటి బండ, అన్నీ చేయి నిలవనంత నునుపు. స్నానాల గదిలో జారకుండా పరిచిన రబ్బరు పట్టా ఒక్కటే గరుకుగా తేలింది. రాగిపిండి మదనపల్లె బజారులో పొట్లాల్లో దొరుకుతుంది, నలతలు లేకుండా. దాన్ని నేను ఎవరి చెంప మీదా రుద్ది చూడను. ఆ రోజులే మేలని నేను రాయను. లెక్క సరిగా వేయాలంటే అవ్వ భుజాన్ని కూడా లెక్కలో పట్టాలి. ఆమె నొప్పికి మిక్సీ ఏ విసుర్రాయికంటేనైనా మంచి మందు. కానీ ఆ ఇంట్లో మనిషిని తాకితే ఎవరు తాకారో తెలిసేది. అవ్వ అరచేయి ఒక రకం గరుకు, మామ అరచేయి మరో రకం. ఇప్పుడు అవ్వ లేదు. ఆ రాయి శాంతిపురంలో మామ ఇంట్లో ఉంది, ఉలవలు పగలేయడానికి వాళ్ళు అప్పుడప్పుడూ వాడతారు. మామ తరువాత సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకున్నాడు, యంత్రాల మోతకు చెవులు కొంత పోయాయి, అరచేయి మాత్రం పోలేదు. ఆయన జీవితం అటు తిరిగింది ఒక ఉదయాన. అదీ నా పుస్తకాల్లో లేదు కనుక, చూసిన వరకు రాస్తాను.

రాయి బాగుచేశాక అవ్వ మామతో ఫ్యాక్టరీ మాట ఎత్తలేదు. ఉండమనలేదు, వద్దనలేదు. మామ శాంతిపురం పోయాడు. జూన్లో, బడి తెరిచాక, మంచి వాన పడింది. మాట ప్రకారం మామ మరునాటి మొదటి బస్సుకే వచ్చాడు. చేతిలో పెద్ద సంచి. గుడ్డలన్నీ సర్దుకొని వచ్చాడని దాని లావు చూస్తేనే తెలిసింది. అవ్వ ఇంట్లో లేదు. నేను చెయ్యి పట్టుకొని చేను దగ్గరికి తీసుకుపోయాను. అక్కడ మునెమ్మ పెనిమిటి తన ఎడ్లతో మా చేను దున్నుతున్నాడు. సగం చాళ్ళు అయిపోయాయి కూడా. గట్టు మీద అవ్వ నిలబడి ఉంది.

మొదటి మడక నాడు చెప్పులతో చేనులో అడుగు పెట్టరు. మామ గట్టు దగ్గర సంచి దించి, చెప్పులు విడిచి పక్కన పెట్టి, పంచె పైకి కట్టాడు. "ఏందిమా ఇది? నేను వస్తాండానని తెలుసు గదా. ఆయప్పను యాల పిలిస్తివి?"

"కోరుకు ఇచ్చినా" అంది అవ్వ, చేను చూస్తూనే. పంటలో సగం పాలుకు ఇచ్చేసిందన్నమాట. "ఆయప్ప దున్నుకుంటాడు. చేను దున్నేదానికి ఊళ్ళో ఇంగొకరు దొరికినారు."

"మరి నేను?"

చాలు కొస వచ్చి ఎడ్లు మళ్ళుకున్నాయి. తడిమట్టి వాసన వేస్తోంది. మామ బొటనవేలి మీద ఉలి దెబ్బ ఇంకా నల్లగా ఉంది. అవ్వ దానినే చూస్తోంది.

"నేనైతే ఆ పొద్దు ఆ రాయిని పెరట్లో పారేసి ఉందును" అంది. "నువ్వు దాన్ని ఇడిసి లేయలేదు. మడక పట్టుకోని నువ్వెప్పుడూ అట్ల మొండిగా నిలబడలేదు రా."

మామ ఒక కాలు అప్పటికే దున్నిన మట్టిలో ఉంది.

అవ్వ వంగి, గట్టు మీది చెప్పులు తీసి, తడిమట్టిని కొంగుతో తుడిచి, ఆయన కాళ్ళ ముందు పెట్టింది.

"కాలు కడుక్కోని ఇవి ఏసుకో" అంది. "సంగటి చేసి పెట్టినా. తినేసి పోతే పదింటి బస్సు దొరుకుతాది."